నీది ముప్పయ్యా, ఇరవయ్యా?

నేను మొదటిసారి వాంతి చేసుకున్న రోజు మా అత్తమ్మ పాయసం వండింది.

ఆమె తప్పేమీ లేదు. పెళ్ళయి ఎనిమిది నెలలైన కోడలు తెల్లారేసరికి పెరట్లో జామచెట్టు మొదట్లో వంగి నిలబడితే ఏ అత్తయినా వేసే లెక్క ఒకటే. ఆ లెక్క తప్పని చెప్పగలిగిన మనిషిని అక్కడ నేనొక్కదాన్నే. నేను చెప్పలేదు. నాకు వాంతి తెప్పించింది కడుపు కాదు, కడుపు రాకుండా మింగుతున్న గోలి.

గర్భాన్ని ఆపాల్సిన మందు గర్భవతికి జరగాల్సిన మర్యాదలన్నీ నాకు ముందే జరిపించింది. పాయసం, మామిడికాయ ముక్కలు, మెత్త దిండు. జీడిపప్పులు వేయించి మరీ వేసింది. తినకపోతే అనుమానం, తింటే పాపం. నేను రెండు గిన్నెలు తిన్నాను. పాపం చేసేటప్పుడు సగం సగం చేయడం నాకు చేతకాదు.

అసలు ఆ గోలి ఎందుకంటే, నేను టీచర్ పోస్టుల పరీక్షకు చదువుతున్నాను. అప్పటికి రెండుసార్లు రాశాను. మొదటిసారి రెండు మార్కులతో పోయింది. రెండోసారి ఎన్ని మార్కులతో పోయిందో చెప్పను. ఇది మూడోసారి, ఇదే చివరిసారి కూడా. ఎందుకంటే పెళ్ళిచూపుల రోజే మా అత్తమ్మ నవ్వుకుంటూ షరతు చెప్పింది: "పిల్లలు పుట్టేదాక సదువుకో బిడ్డా, నేనొద్దన. పుట్టినంక నీ చేతుల పుస్తకం ఉండదు, పాలసీస ఉంటది." అందులో కోపం లేదు, కుట్ర లేదు. ఎండ కొడుతుందని చెప్పినంత మామూలుగా చెప్పింది. పరీక్షకు ఇంకా నాలుగు నెలలుంది. కాబట్టి నా ఉద్యోగానికీ పాలసీసకూ మధ్య అడ్డంగా నిలబడ్డది ఒక్క గోలి.

మా ఇల్లు ఖిలా వరంగల్‌లో. ఇంట్లో ముగ్గురమే: అత్తమ్మ, నేను, మా ఆయన. ఆయనకు వర్ధన్నపేటలో పురుగుమందుల షాపు. చుట్టుపక్కల పత్తి రైతులకు ఆయనే డాక్టరు. ఏ పురుగుకు ఏ మందు, ట్యాంకుకు ఎన్ని ఎంఎల్, ఏ వయసు చేనుకు ఎంత, నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. అన్నం తింటుంటే ఫోన్ వస్తుంది: "అన్నా, పక్క చేనుకు కొట్టిన డోసు నీ చేనుకు కొట్టకు. ఆకు మాడుతది. ముందుగాల ఒక్క సాలుకు కొట్టి సూడు, మూడు రోజులు ఆగు." పత్తి మొక్క మీద అంత దయ గల మనిషిని నేనెక్కడా చూడలేదు.

హన్మకొండలో లేడీ డాక్టర్ దగ్గరికి మేమిద్దరం కలిసే పోయాం. కలిసి అంటే, నేను లోపల, ఆయన బయట బండి మీద. డాక్టరమ్మ మూడు నిమిషాలు చూసింది. బీపీ చూసింది, తలనొప్పులుంటాయా అని అడిగింది, "ముప్పై మైక్రోగ్రాములది రాస్తున్నా" అన్నది. తర్వాత ఇంకేదో చెప్పింది. ఆ ఇంకేదో నేను వినలేదు. తలుపు సందులోంచి మాకు తెలిసినావిడ ఎవరైనా చూస్తుందేమోనని నా చెవులు కూడా కళ్ళ పనే చేస్తున్నాయి. మందుల షాపతను స్ట్రిప్పును న్యూస్‌పేపర్లో చుట్టి, దాన్ని నల్ల కవర్లో పెట్టి, కవరుకు ముడి వేసి, ఎటో చూస్తూ ఇచ్చాడు. మా ఆయన షాపులో పుర్రె గుర్తున్న డబ్బాలు కూడా అంత భయంగా అమ్మరు.

కందిపప్పు కిలోల్లో కొంటాం, బంగారం గ్రాముల్లో కొంటాం. నా బతుకు మైక్రోగ్రాముల్లోకి దిగింది.

స్ట్రిప్పు దాచడానికి ఇంట్లో నాకు సొంతమైన చోటు ఒక్కటే, నా పుస్తకాలు. మా అత్తమ్మ వాటిని దుమ్ము దులుపుతుందే గానీ తెరవదు. గోలీలు ఏ పుస్తకంలో పెడుతున్నానో చూసుకోలేదు, తర్వాత చూస్తే "శిశు వికాసం." మూడో అధ్యాయం, పిండ దశ. రోజూ పొద్దున అయిదింటికి లేచి, పుస్తకం తెరిచి, పిండం బొమ్మ పక్కనుంచి గోలి తీసి, పరగడుపున మంచినీళ్ళతో మింగి, చదువుకు కూర్చునేదాన్ని. గంట తిరిగేసరికి కడుపులో తిరిగేది. ఛందస్సులో ఒక మాత్ర ఎక్కువైతే పద్యం తూలుతుందని చదివాను. నాకు మాత్రం ఒక మాత్రకే ఒళ్ళంతా తూలింది.

మా ఆయనకు చెప్పాను. "జర ఓపిక పట్టు. కొత్త మందు గట్లనే ఉంటది" అన్నాడు. ఒక్క సాలుకు కొట్టి చూడమనలేదు. నేను చేను మొత్తం కదా.

మా భాషలో మందు ఒంటికి సరిపోకపోతే "పడలేదు" అంటాం. మనుషులకు మనుషులతో సరిపోకపోయినా అదే మాట. మా అత్తమ్మకూ నాకూ పడలేదని ఎవరైనా అంటే అబద్ధం. మాకు బాగానే పడింది. మధ్యలో గోలి వచ్చి పడింది.

పాయసం తర్వాత ఆంక్షలు వచ్చాయి. నిజం తెలిసిన మా ఆయన పొద్దున్నే షాపుకు జారుకునేవాడు. బరువు ఎత్తొద్దు. బొప్పాయి వద్దు. ఆటో కుదుపులు మంచివి కావు కాబట్టి వారం రోజులు కోచింగ్ వద్దు. "వారమే గదనే, నీ పుస్తకాలేమన్న ఉరుకుతయా?" అన్నది. పక్కింటామె సంచి నిండా మామిడికాయలు పంపింది. గల్లీ చివరామె నా నడక చూసి కొడుకేనని తేల్చింది. నా కడుపులో ఉన్నది ముప్పై మైక్రోగ్రాములేనని నాకు తెలుసు. అది కొడుకో కూతురో మాత్రం తెలియదు.

దవాఖానకు పోదామని అత్తమ్మ రోజూ అనేది. "మూడో నెల నిండనీ అత్తమ్మా, అంతదాకా ఎవరికీ చెప్పకూడదంట" అన్నాను. అప్పటికి ఆమె నలభై మందికి చెప్పింది.

నాలుగో రోజు ఏడ్చి, బతిమాలి, ఆటో మెల్లగా నడిపించుకుంటానని ఒట్టుపెట్టి కోచింగ్‌కు పోయాను. అక్కడ నాకు ఇద్దరు జతగత్తెలు. ఒకామె నాకంటే ఆరేడేళ్ళు పెద్దది, ఇద్దరు పిల్లల తల్లి, రోజూ రైల్లో నెక్కొండ నుంచి వచ్చేది. ఆమెను అందరం అక్కా అనేవాళ్ళం. రెండో ఆమె నా ఈడుది. రెండేళ్ళ పాప ఉంది. ఆదివారం చర్చి పాటల బృందం కోయిర్‌లో పాడేది. ముగ్గురం ఒకే బల్ల దగ్గర టిఫిన్లు విప్పేవాళ్ళం. ఆ బల్ల దగ్గర ఎవరి కూర వారు తినడం అనేది లేదు. మూత తీయగానే మూడు కూరలూ మూడు చేతుల్లోకి పోయేవి. ఉప్పెక్కువైన కూర ఉప్పు ఎక్కువ తినేదానికి, కారమెక్కువైనది అక్కకు. ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఆ రోజు మామిడికాయ ముక్కలు తెచ్చాను. అక్క ముక్క కొరికి నా మొహంలోకి చూసింది.

"ఏందే, ఎన్నో నెల?"

"నెలా లేదు, పాడూ లేదక్కా. గోలి." విషయమంతా చెప్పాను.

అక్క నవ్వడం మొదలుపెడితే పక్క బల్ల వాళ్ళు తిరిగి చూశారు. నవ్వి, కళ్ళు తుడుచుకొని, మగవాళ్ళు బండ్ల మైలేజీ అడిగినట్టు అడిగింది: "నీది ముప్పయ్యా, ఇరవయ్యా?"

"ముప్పై."

"నాది ఇరవై," అన్నది కోయిరామె, గొంతు తగ్గించి.

"నాదానికి నంబరే ఎర్కలేదు," అన్నది అక్క. "మా ఊరి ఆశా వర్కరమ్మ ఇంటికొచ్చి ఉత్తగ ఇస్తది. రెండేండ్ల సంది మింగుతాన్న. నాకేం గాలె. రాళ్ళు మింగినా అరిగే కడుపు నాది. తెల్లయి ఇరవై ఒకటి, మన్ను రంగువి ఏడు. మన్ను రంగువి రక్తం పట్టేటందుకంట. గవి మా ఇంటాయన మింగుతడు. ఆయనకు రక్తం తక్కువున్నదట."

"మీ ఆయన గర్భనిరోధక మాత్రలు మింగుతాండా అక్కా?"

"ఏడు రోజులు మింగుతడు. మిగిలిన ఇరవై ఒక్క రోజులు నేను. సంసారమన్నంక ఇద్దరు మొయ్యాలె గదా!"

కోయిరామె కథ వేరు. ఆమెకు వాంతి లేదు, వికారం లేదు. నెల పొడుగూతా మరకలు. అయ్యీ కానట్టు, రోజూ ఇంతంత. "మా కోయిరోళ్ళం ఆదివారం తెల్ల చీరలే కట్టాలె," అన్నది. "గోలి సంగతి ప్రభువుకు తెలిస్తే క్షమిస్తడు. తెల్ల చీర క్షమించదు. పోయిన ఆదివారం పాట మొత్తం గోడకు ఆనుకోనే పాడిన. భక్తి ఎక్కువై ఒరిగిందనుకున్నరు."

నేను లెక్కల్లో వీక్ గానీ పట్టికలు గీయడంలో దిట్ట. నోట్సు వెనక అట్ట మీద గీతలు కొట్టాను. మనిషి, డోసు, కడుపు, తల, మరకలు, బరువు, మొగుని మీద కోపం. ఒక్కొక్కరినీ అడిగి నింపుతూ పోయాను. చివరి గడి దగ్గర అక్క నా చేయి ఆపింది.

"గా కోపం గోలితోని అచ్చింది గాదే. ముందట నుంచే ఉన్నది. గది పట్టికల రాయకు, పరిశోధన చెడుతది."

పక్క బల్లల నుంచి ఇంకో ఇద్దరు వచ్చి తమ వివరాలిచ్చారు. ఒకామెకు ముప్పైతో మొటిమలు పోయాయట, మొగుడు మెచ్చుకున్నాడట. ఇంకొకామెకు అదే ముప్పైతో రెండు కిలోలు పెరిగాయట, ఆమె మొగుడు మెచ్చుకోలేదట. అయిదుగురు ఆడవాళ్ళు, ఒక అట్ట, ఒక పెన్ను. దేశంలో ఏ పెద్ద దవాఖానలోనూ మమ్మల్ని కూర్చోబెట్టి ఈ ప్రశ్నలు ఎవరూ ఇంత ఓపిగ్గా అడిగి ఉండరు. మా గడులన్నీ నిజాలే. తీసిన తీర్మానమే తప్పు.

తీర్మానం కోయిరామె తీసింది. "నీదాంతోని మరకలు రావు. నాదాంతోని వాంతులు రావు. నాది నువ్వు తీస్కో, నీది నేను తీస్కుంట."

కూర కదా. మూత తీసిన బల్ల కదా. మాకెవ్వరికీ వింతగా అనిపించలేదు. నా స్ట్రిప్పులో పది మిగిలాయి, ఆమెదాంట్లో పదకొండు. అక్క పెద్దమనిషిగా ఉండి, ఆమెదాంట్లోంచి ఒకటి కత్తిరించి పక్కన పెట్టి పది పది చేసి, మోడల్ పేపర్లో చుట్టి అటుదిటూ ఇటుదటూ ఇచ్చింది. ఆ మోడల్ పేపర్ సైకాలజీది. మేం ఆ నెలంతా బట్టీ పట్టిన పాఠం వైయక్తిక భేదాలు. ఏ ఇద్దరు పిల్లలూ ఒకేలా ఉండరు, ఒకరికి సరిపోయిన పద్ధతి ఇంకొకరికి సరిపోదు, ప్రతి ఒక్కరినీ విడిగా చూడాలి. ముగ్గురం నిద్రలో లేపినా చెప్పేవాళ్ళం. పిల్లల గురించి కదా, మా గురించి కాదనుకున్నాం.

నాలుగు రోజులు స్వర్గం. వాంతి లేదు. పొద్దున్నే లేచి గోలి మింగి, రెండు గంటలు కదలకుండా చదివాను. అత్తమ్మ మాత్రం దిగులు పడ్డది. జామచెట్టు దగ్గర నిలబడి ఎదురుచూసేది. "ఇయ్యాల గూడ కక్కలేదేందే? మంచిదేనా?" అని రెండుసార్లు అడిగింది. కక్కితే వేడుక, కక్కకపోతే బెంగ. లోకంలో నా వాంతి కోసం అంతగా ఎదురుచూసిన మనిషి ఆమె ఒక్కతే.

అయిదో రోజు మరకలు మొదలయ్యాయి. ఆరో రోజుకు మరకలు అనే మాట చాలలేదు.

దాచాలనే చూశాను. నేను ఉతికి ఆరేసిన లంగా దండెం మీద అత్తమ్మ కంట పడింది. దగ్గరికి వచ్చి, దాన్ని చేత్తో పట్టుకొని, ఎండలో తిప్పి చూసింది. వచ్చి నా పక్కన గడప మీద కూర్చుంది. నా కడుపు మీద చెయ్యి పెట్టింది. పెట్టి, చప్పుడు లేకుండా ఏడ్చింది.

"నీ తప్పు లేదు బిడ్డా. నేనే నిన్ను ఆటో ఎక్కనిచ్చిన," అన్నది.

ఇప్పటిదాకా నవ్వుతూ రాశాను గానీ ఇక్కడ నాకు నవ్వు రాలేదు. లేని బిడ్డ కోసం ఆమె ఏడుస్తుంటే, ఉన్న కోడలు పక్కనే కూర్చొని నోరు మెదపలేదు. చెప్పాలని నోరు తెరిచాను. పరీక్షకు ఎన్ని రోజులుందో లెక్క గుర్తొచ్చింది. మూసుకున్నాను. అంత నీచంగా నా జీవితంలో ఏ లెక్కా చేయలేదు.

ఆమె ఆటో పిలిచింది. డ్రైవర్‌ను "జర పైలంగ నడుపు బిడ్డా" అని దారి పొడుగూతా అంటూనే ఉంది. అదే డాక్టరమ్మ. నర్సు నన్ను లోపలికి పిలిచి మూత్రపరీక్షకు చిన్న డబ్బా ఇచ్చింది. నింపి ఇచ్చాక బయట బెంచీ మీద కూర్చోమన్నారు.

అప్పుడు నాకు అసలు భయం పట్టుకుంది. అన్ని వాంతులు చేసుకున్నాను కదా, గోలి లోపల ఉన్నదెంత, జామచెట్టుకు పోయిందెంత? నిజంగానే ఉంటే? పరీక్ష పోయినట్టే. అత్తమ్మ కొంగు ముడి పట్టుకొని కళ్ళు మూసుకుంది. రెండు గీతలు రావాలని, లోపలిది క్షేమంగా ఉండాలని ఆమె మొక్కు. ఒక్క గీతే రావాలని, లోపల ఏమీ ఉండకూడదని నా మొక్కు. ఒకే బెంచీ మీద, భుజం భుజం ఆనుకొని, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకొని, ఎదురెదురుగా మొక్కుతున్నాం. ఏ దేవుడికైనా ఆ బెంచీ వైపు చూడ్డానికి ధైర్యం ఉండదు.

ఒక్క గీత వచ్చింది.

"పోయిందా డాక్టరమ్మా?" అన్నది అత్తమ్మ.

"పోవాలంటే ముందుగాల ఉండాలె కదమ్మా," అన్నది డాక్టరమ్మ. నా వైపు తిరిగింది. "నేను రాసిన గోలీలు ఎట్లా వాడుతున్నవ్?"

అత్తమ్మ నా మొహం చూస్తోంది. అప్పటికి చెప్పకపోతే ఆమె ఇంటికి పోయి ఇంకా ఏడుస్తుంది. చెప్పేశాను. గోలి, శిశు వికాసం, పరగడుపు, జామచెట్టు, పాయసం, కోచింగ్ బల్ల, పట్టిక, మార్పిడి, అన్నీ వరుసగా. పట్టిక గీసిన అట్ట సంచిలోనే ఉంటే అది కూడా తీసి చూపించాను. ఎందుకు చూపించానో నాకిప్పటికీ తెలియదు. మార్కులు వేస్తుందనుకున్నానేమో.

డాక్టరమ్మ అట్ట మొత్తం చదివింది. "మొగుని మీద కోపం" దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత తిట్లు మొదలయ్యాయి.

"చట్నీ అనుకున్నరా మార్చుకోవడానికి? ఆ కోయిరామె బీపీ ఎంత? మీరు చూసిండ్రా? తలనొప్పి ఏ రకందో అడిగిండ్రా? ఒకరికి తగిన గోలి ఇంకొకరికి తగాలని ఎవరు చెప్పిండ్రు? సగంల డోసు మారిస్తే రక్తం పడదా మరి? ఆమెను రేప్పొద్దున్నే పంపు నా దగ్గరికి." తర్వాత గొంతు తగ్గించింది. "ముప్పై నీకు పడలేదని ఎవరన్నరు? పరగడుపున వేసుకుంటే ఎవరికైనా తిప్పుతది. రాత్రి అన్నం తిన్నంక వేసుకొమ్మని చెప్పిన. మొదటి రెండు మూడు నెలలు జర వికారం ఉంటది, చానామందికి తర్వాత తగ్గుతది, తగ్గకపోతే నా దగ్గరికి రా అని చెప్పిన. ఇన్నవా?"

డోసు ఎంతైనా ముందు ఒక దోసె అయినా తినాలి. మొత్తం కథలో నేను నేర్చుకున్న వైద్యం ఇంతే. అది కూడా మొదటి రోజే చెప్పిందట.

తిరుగు ఆటోలో అత్తమ్మ డ్రైవర్‌ను పైలంగా నడపమనలేదు. గుంతల్లోంచి ఎగిరి పడుతుంటే ఊరకే కూర్చుంది. కోట దర్వాజా దాటాక నోరు విప్పింది.

"జీడిపప్పులు గూడ ఏసిన గదనే పాయసంల."

"ఏసినవ్ అత్తమ్మా."

"రెండు గిన్నెలు తిన్నవ్."

"తిన్న."

"గల్లీల నలభై మందికి జెప్పిన. ఇప్పుడు ఏ మొకం పెట్టుకోని పోవాలె?"

ఆమె బయటికి చూస్తూ, నాతో కాదన్నట్టు చెప్పింది. "నా కాలంల నర్సమ్మ ఒక గోలి ఇచ్చేది. గది ముప్పయ్యో, ముప్పై మూడో, ఎవలకెర్క. ఊరందరికీ ఒక్కటే గోలి. పొద్దుగాల లేవంగనే మింగి నాటు ఏసేటందుకు పోయేదాన్ని. వంగితే కడుపుల నుంచి గుండెకాయ ఊడి పడ్డట్టు ఉండేది. ఒకరోజు మడిలనే పడిపోయిన. మీ మామ 'పడకపోతే మానెయ్' అన్నడు. మానేసిన."

"తర్వాత?"

"తర్వాతేంది? నీ మొగుడు పుట్టిండు."

ఆటో డ్రైవర్ అద్దంలో చూశాడు. నేను నవ్వొద్దని పెదవి కొరుక్కున్నాను. ఆమె మొహంలో నవ్వు లేదు.

"వాన్ని కన్నందుకు నాకేం బాధ లేదు. బంగారమసోంటోడు. గని గప్పుడు ఎవలన్నా ఒక్కలు, అన్నం తిన్నంక ఏస్కోవే అని చెప్పి ఉంటే..." ఇల్లొచ్చింది. దిగింది.

సాయంత్రం మా ఆయనకు విషయమంతా ఆమే చెప్పింది, నా ముందే. "అంటే నేను గోలి ఏసుకోంగ పుట్టిన్నా?" అన్నాడు నీరసంగా.

"గోలి పడక పుట్టినవ్," అన్నది తల్లి.

జిల్లాలో సగం పత్తికి డోసులు చెప్పే మనిషి, డోసు తేడా వచ్చి భూమ్మీద పడ్డాడు. ఆ రాత్రి ఆయన అన్నం తక్కువ తిన్నాడు. మరుసటిసారి డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు బయట బండి మీద కూర్చోలేదు. నాతోపాటు లోపలికి వచ్చాడు. లోపల కూర్చొని ఫోన్ చూశాడు. మార్పు మెల్లగానే వస్తుంది, తగ్గు డోసులో.

కోయిరామె మరునాడే డాక్టరమ్మ దగ్గరికి పోయింది. బీపీ చూసి, అడగాల్సినవన్నీ అడిగి, ఆమెకు ముప్పై రాసిందట. అంటే మార్పిడిలో సగం కరెక్టే. ఆ మాట డాక్టరమ్మతో అనే ధైర్యం మాకెవరికీ లేదు. అక్క మాత్రం తన నంబరు లేని గోలీలు తనే వాడుకుంది. మన్ను రంగువి మొగుడి నుంచి వెనక్కి తీసుకుంది. "నీ రక్తం నువ్వు చూస్కో" అన్నదట.

గల్లీకి అత్తమ్మ ఒకే మాట చెప్పింది: "గ్యాసుండె." నలభై మందికీ అదే. పక్కింటామె మామిడికాయలు తిరిగి ఇద్దామంటే వద్దని, వాటితో తొక్కు పెట్టింది. నాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. కానీ మొదటి రోజు నుంచే, శిశు వికాసంలో ఉన్న కొత్త స్ట్రిప్పు మాయమై వంటింట్లో పోపుడబ్బా పక్కకు చేరింది. రాత్రి నేను చివరి ముద్ద తిని చెయ్యి కడుక్కునేలోపు, మజ్జిగ గ్లాసు, దాని పక్కన మూతలో ఒక గోలి. పెట్టి, నేను మింగేదాకా అక్కడే నిలబడేది. పదో రోజు మాత్రం అన్నది: "పదకొండు మిగిలినయ్. పరీక్ష ఎన్నడు?"

రెండు నెలలకు వికారం పోయింది. పడింది.

పరీక్ష రోజు తెల్లారేసరికి నేను మళ్ళీ జామచెట్టు మొదట్లో వంగి ఉన్నాను. వెనక నుంచి అత్తమ్మ గొంతు.

"రాత్రి ఏస్కున్నవా?"

"నువ్వే ఇస్తివి గదా."

"అన్నం తిన్నంకనే గదా?"

"తిన్నంకనే."

"మరి గిదేందే?"

"పరీక్ష అత్తమ్మా."

కొంగుతో నా మూతి తుడిచింది. "దానికి నా దగ్గర మజ్జిగ లేదు. పో," అన్నది. ఆటోవాడితో మాత్రం పైలంగా నడపమని చెప్పింది.

కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తెర పక్కన ప్రశ్నల నంబర్లు గడులు గడులుగా, అచ్చం స్ట్రిప్పులాగే. జవాబు పెట్టినకొద్దీ ఒక్కో గడి పచ్చబడుతుంది. సైకాలజీలో ఒక ప్రశ్న వచ్చింది: ఒకే బోధన అందరు పిల్లల మీదా ఒకే ఫలితం చూపకపోవడానికి కారణం? నాలుగు జవాబుల్లో మూడోది వైయక్తిక భేదాలు. పుస్తకం గుర్తు రాలేదు. జామచెట్టు గుర్తొచ్చింది, తెల్ల చీర గుర్తొచ్చింది, మడిలో పడిపోయిన మనిషి గుర్తొచ్చింది. మూడోది నొక్కాను. ఆ తర్వాత ఒక్కటి కూడా వదలకుండా, వరుస తప్పకుండా చివరిదాకా పోయాను.

ఫలితాల్లో నా నంబరు కనిపించిన రోజు సాయంత్రం వంటింట్లో నేతిలో జీడిపప్పు వేగుతున్న వాసన వచ్చింది. అత్తమ్మ గిన్నె తెచ్చి ముందు పెట్టింది. ఈసారి దేనికని అడిగాకే తిన్నాను.